మత్తుమందు వైద్యుడా, మరయంత్రమా?

శస్త్రచికిత్సాగృహమున రోగి కన్నుమూసినది మొదలు మరల కన్నుదెరచువరకు వాని ప్రాణమునకు కాపుండువాడు కత్తిపట్టిన వైద్యుడు కాడు. తలవైపున నిలిచి మత్తుమందు నిచ్చు వైద్యుడే. రోగి బంధువులు సాధారణముగా ఆతని పేరైనను ఎరుగరు. మందు తక్కువైనచో రోగి కత్తిక్రింద మేలుకొనును. ఎక్కువైనచో రక్తపుపోటు పడిపోవును, ఊపిరి యాగును. ఈ రెంటి నడుమనున్న సన్నని గట్టుమీద రోగిని నడిపించుటయే యాతని విద్య. ఈ పనిని మనుష్యుని చేతినుండి తీసి యంత్రమున కప్పగింపవచ్చునా యను ప్రశ్న వైద్యలోకమున 70 ఏండ్లకు పైగా నలుగుచున్నది. కృత్రిమమేధను గూర్చిన నేటి కోలాహలములో అది సామాన్యజనుల చెవిని గూడ పడుచున్నది. మత్తుమందు వైద్యులు చాలక ప్రభుత్వాసుపత్రులలో శస్త్రచికిత్సలు వాయిదాపడుట మన పాఠకు లెరుగనిది కాదు. కావున ఈ యంత్రము మనకేమి చేయగలదో, ఏమి చేయజాలదో విచారించుట యవసరము.

యంత్రమన్నంతనే ఇనుపచేతులతో సూదిపొడుచు బొమ్మను ఊహింప పనిలేదు. ఇందున్నవి మూడు వస్తువులు. రోగి నుదుట అంటించిన పట్టీ యొకటి. అది మెదడులోని విద్యుత్తరంగములను గ్రహించును. ఆ తరంగములను లెక్కకట్టి, మెలకువ పూర్తిగా నున్నపుడు 100కు దగ్గరగాను, తరంగములు పూర్తిగా అణగినపుడు 0గాను నుండు నొక సంఖ్యను చూపు గణకయంత్ర మొకటి. ఆ సంఖ్యననుసరించి సిరంజీని మెల్లగానో వేగముగానో నొక్కు పంపు మరియొకటి. శస్త్రచికిత్సకు తగిన నిద్ర 40కిని 60కిని నడుమ నుండునని వాడుక. సంఖ్య 60 దాటినచో పంపు మందును హెచ్చించును. 40కి దిగినచో తగ్గించును. ఫలితమును చూచి చర్యను, ఆ చర్యవలన కలిగిన ఫలితమును చూచి మరల చర్యను సవరించుకొనుచు తిరుగు చక్రమే దీని సారము. పోవునది వైద్యుడు నిర్ణయించిన దారినే. పగ్గములు మాత్రము గణితము చేతిలో నుండును.

ఈ చక్రములోని చిక్కును గోదావరి డెల్టా రైతులకు వేరుగా చెప్ప నక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి వారనుభవించుచున్నదే యిది. తలతూము ఎత్తిన క్షణముననే శివారు చేనికి నీరందదు. శివారు రైతు మొరపెట్టగా లస్కరు తూమును మరికొంత ఎత్తును. నీరింకను దారిలోనే యుండును, మొర ఆగదు, తూము మరింత లేచును. తుదకా నీరంతయు ఒక్కమారు వచ్చి చేనిని ముంచును. అపుడు తూమును బిగించుదురు. కొన్నాళ్లకు చేను మరల ఎండును. తప్పు లస్కరుది కాదు, రైతుది కాదు. నీటి ప్రయాణకాలమును లెక్కలో చేర్చకపోవుటది. సిరలో ప్రవేశించిన మందు మెదడున పూర్తిగా పనిచేయుటకును ఇట్లే కొంతసేపు పట్టును. తరంగములను సంఖ్యగా మార్చుటకు గణకయంత్రమునకు పావునిమిషమునుండి ఒక్కొక్కప్పుడు నిమిషమునకు పైగా పట్టును. అనుభవజ్ఞుడైన వైద్యుడు ఈ యాలస్యమును అలవాటుచేత ఎరుగును. కత్తి చర్మమును తాకకమునుపే మందును హెచ్చించును. యంత్రమో, సంఖ్య పెరిగిన పిమ్మటగాని కదలదు. శస్త్రవైద్యుడు కత్తి నెత్తుచున్నాడని దానికి తెలియదు గదా! అందుచేత ఈ యంత్రములను నిర్మించువారి ప్రతిభలో చాలభాగము ఈ యాలస్యమును ముందుగా ఊహించు గణితమును వ్రాయుటలోనే వ్యయమగుచున్నది.

యత్నము క్రొత్తది కాదు. 1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరమున మోర్టన్ ఈథరు మహిమను బహిరంగముగా ప్రదర్శించెను. మరుసటి యేడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. అది మొదలు నూరేండ్లు మోతాదును నిర్ణయించుటకు కనుపాప వెడల్పు, ఊపిరి లయ, నాడి, వీనిని కనిపెట్టు వైద్యుని యనుభవము తప్ప వేరాధారము లేదు. 1950లో అమెరికాలోని మేయో వైద్యాలయమున బిక్‌ఫర్డ్ అను నతడు మెదడు తరంగములే పంపును నడుపునట్లొక యంత్రమును కూర్చెను. అది మనుష్యులమీదను పనిచేసెను. కాని ఆనాటి మందులైన ఈథరు, థయోపెంటాల్ శరీరమున చాలసేపు నిలిచిపోవునవి. పోసిన నీరు తొందరగా ఇంకని పొలములో తూమును సవరించి లాభమేమి? యంత్రము మూలబడెను. 1986 ప్రాంతమున ప్రొపొఫాల్ వాడుకకు వచ్చినతరువాతగాని పరిస్థితి మారలేదు. పాలవలె తెల్లనైన ఈ మందు నిమిషములోపుననే నిద్రపుచ్చును. ఆపినచో కొలదిసేపటికే తెలివి వచ్చును.

1996లో డిప్రిఫ్యూజర్ అను పంపు వెలువడెను. రోగి వయస్సు, బరువు తెలిపినచో వాని రక్తమున మందు ఎంత సాంద్రముగా నుండునో లెక్కగట్టి ఆ మేరకు నొక్కును. ఇది చేనిని చూడక లెక్కపుస్తకమును చూచి నీరు వదలుట వంటిది. లెక్క మంచిదైనచో పని జరుగును; కాని లెక్క యెవరిది? ఇప్పటికిని పలుదేశముల వాడుకలోనున్న ష్నైడర్ గణితము 1998లో 24గురు ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలనుండి పుట్టినది. పల్నాటి కూలివాని దేహమును, విశాఖపట్టణపు వర్తకుని దేహమును ఆ 24గురి కొలబద్దతోనే కొలుచుచున్నారు. వర్తకనీతి మరియొకటి గలదు. ఆ డిప్రిఫ్యూజర్ తన కంపెనీ గుర్తుగల సిరంజీని గాని గుర్తింపదు. అదే మందు వేరొకరు తయారుచేసి చౌకగా ఇచ్చినను పంపు కదలదు. పేటెంటు గడువు తీరిన పిమ్మటగాని ఏ సిరంజీనైనను స్వీకరించు పంపులు బజారునకు రాలేదు. యంత్రము కొనుట యనగా దానితోబాటు ఒక యజమానిని గూడ కొనుట కావచ్చునని మన ప్రభుత్వములు మరువరాదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. యంత్రము మందును హెచ్చించుటకు, తగ్గించుటకు దేనిని చూడవలెను? ఈ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పినచో ఎంత యనర్థము కలుగునో హైదరాబాదు చరిత్రమే సాక్ష్యము. గత శతాబ్దికి పూర్వశతాబ్దమున క్లోరోఫారముక్రింద రోగులు హఠాత్తుగా మరణించుచుండిరి. ముందు ఆగునది ఊపిరియా, గుండెయా యని ఎడింబరో వైద్యులకును లండను వైద్యులకును వివాదము. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనును, అచటి వైద్యపాఠశాల కధిపతియు నగు ఎడ్వర్డు లారీ ఎడింబరో పక్షమువాడు. ఊపిరిని కనిపెట్టియున్నంతకాలము గుండెకు భయములేదని ఆయన సిద్ధాంతము. దానిని తేల్చుటకు 1888లో మొదటి క్లోరోఫారము సంఘము, 1889లో రెండవ సంఘము కూర్చుండెను. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ ధనమిచ్చి లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని రప్పించెను. 400కు పైగా జంతువులపై పరీక్షలు జరిగెను. వేరభిప్రాయముతో వచ్చిన బ్రంటన్ సైతము లారీ మాటనే అంగీకరించెను. ఆ దినములలోనే హైదరాబాదు పాఠశాలలో చదివి క్లోరోఫారము నిచ్చుటలో నేర్పు గడించిన రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచమున మత్తువైద్యమును వృత్తిగా స్వీకరించిన తొలి స్త్రీలలో నొకరు. ఇవి మన నగరమునకు గర్వకారణములే.

కాని తీర్పు తప్పు. 1911లో లీవీ అను ఆంగ్లవైద్యుడు, క్లోరోఫారము పలుచగా నున్న సమయముననే గుండె కండరమును అస్తవ్యస్తముగా వణకించి క్షణములో చంపగలదని పిల్లులపై రుజువుచేసెను. హైదరాబాదు సంఘమువారికి శ్రద్ధ కొదువ కాదు, ధనము కొదువ కాదు, పరీక్షల సంఖ్య అంతకన్న కొదువ కాదు. హెచ్చుమోతాదుచే చచ్చిన జంతువులను చూచి, తక్కువ మోతాదులో చచ్చు రోగిని గూర్చి తీర్పుచెప్పిరి. ఒక్క గురుతును పట్టుకొని తక్కినవానిని విడిచిరి. వారి తీర్పును నమ్మి నాడిని చూడక ఊపిరినే చూచిన వైద్యు లెందరుండిరో!

నేటి యంత్రము నుదుటి సంఖ్యను చూచుచున్నది. ఆ సంఖ్యను చూపు పరికరమును 1996లో అమెరికా ఆహార ఔషధశాఖ అనుమతించెను. బిస్ అని దాని వ్యవహారనామము. తరంగములను సంఖ్యగా మార్చు పూర్తి లెక్క కంపెనీవారి రహస్యము. పలువేల రోగుల తరంగములనుండి కట్టిన సగటు గనుక సాధారణముగా పనికివచ్చుననుటలో సందేహము లేదు. అసాధారణమైనపుడే చిక్కు. కెటమైను ఇచ్చినచో రోగి గాఢముగా నిద్రించుచున్నను సంఖ్య పెరుగును. రక్తమును ఆపుటకు వాడు విద్యుత్ కత్తి తరంగములలో కలుగజేసికొనును. అన్నిటికన్న భయంకరమైనది వేరొకటి. 2015లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 10మంది స్వచ్ఛందులు, మెలకువగానే యుండి, మత్తుమందేమియు పుచ్చుకొనక, కండరములను సడలించు మందును మాత్రము తమపై ప్రయోగింప నిచ్చిరి. వారికి తెలివి పూర్తిగా నున్నది, మాటలు వినబడుచున్నవి. సంఖ్య మాత్రము నిద్రించువాని సంఖ్య యంతకు దిగజారెను! నుదుటి కండరముల కదలికను గూడ ఆ పరికరము మెలకువలో జమకట్టుచున్నదని దీనివలన తేలినది.

దీని గంభీరతను గ్రహించుటకు 1942ను జ్ఞాపకముచేసికొనవలెను. ఆ యేడు కెనడాలోని మాంట్రియలు నగరమున గ్రిఫిత్ అను వైద్యుడు కురారె అను, దక్షిణ అమెరికా అడవిజాతుల బాణములవిషమును, కండరములను సడలించుటకై శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టెను. అది గొప్ప మేలే. శస్త్రవైద్యునికి పొట్టకండరములు మెత్తబడెను. మత్తుమందు తక్కువతో సరిపోయెను. కాని అంతకుముందు మత్తు చాలని రోగి కాలుచేయి కదల్చి తన బాధను తెలుపుచుండెను. ఆ నాలుకను గూడ కురారె కట్టివేసినది. 2014లో బ్రిటనులో వెలువడిన గొప్ప విచారణ ప్రకారము, మత్తులో మేలుకొంటినని రోగులు తామై చెప్పుకొన్న సందర్భములు 19,000కు ఒకటి. సడలింపు మందు వాడినచోట 8,000కు ఒకటి. వాడనిచోట 1,36,000కు ఒకటి. యంత్రము పనికి తప్పక కావలసినది సరిగా ఈ సడలింపు మందు వాడిన రోగులవద్దనే. దాని కన్ను మసకబారునదియు నచటనే. సంఖ్య 45 అని చూచి పంపు మందును తగ్గించుచుండగా క్రిందనున్న వాడు మేలుకొని యుండుట అసంభవము కాదు.

అట్లని యంత్రమును తృణీకరింపరాదు. 2008లో అదే మాంట్రియలున మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారు నిద్ర, నొప్పి, సడలింపు మూటిని తనంత నడుపు యంత్రమును ప్రదర్శించి హాస్యముగా మెక్‌స్లీపీ యని పేరిడిరి. ఫ్రాన్సులో ఫోష్ ఆసుపత్రివారు ప్రొపొఫాలును, రెమిఫెంటనిలును ఒక్క సంఖ్యనుబట్టియే జంటగా నడిపించిరి. పలుదేశములలో చేతిపనికిని యంత్రపుపనికిని పోటీపెట్టి చూచిరి. సంఖ్యను నియమితమైన హద్దులలో ఎక్కువకాలము నిలుపుటలో యంత్రమే గెలిచినది. ఇందు ఆశ్చర్యమేమున్నది? యంత్రమునకు ఆకలి లేదు, ఆవులింత లేదు, కొన్ని క్షణములకొకమారు లెక్కచూచుటకు విసుగు లేదు. అయినను పాఠకులొక సంగతి గమనింపవలెను. యంత్రము దేనిని చూచి నడచినదో దానిచేతనే దాని గెలుపును కొలిచిరి. పరీక్షాధికారియే ప్రశ్నపత్రమును ముందుగా చూపినట్లున్నది. సంఖ్య హద్దులలో నుండుటవలన రోగి మేలుగా కోలుకొనెనా? 2019లో వెలువడిన ఒక గొప్ప పరీక్షలో 6,644మంది వృద్ధ రోగులలో కొందరికి సంఖ్యను 50 వద్దను, కొందరికి 35 వద్దను నిలుప యత్నించిరి. ఏడాదితరువాత మరణములలో చెప్పదగిన భేదము కనబడలేదు. కావున సంఖ్యను నిలుపుటయే పరమార్థమని యంత్రవాదులు చెప్పుమాటను కొంత తగ్గించి వినవలయును.

మనదేశమున ఈ విషయమున జరిగిన కృషి చిన్నది కాదు. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్యసంస్థయందు జి. డి. పురియు, ఆయన సహచరులును స్వదేశముననే ఇట్టి యంత్రమును నిర్మించి 2007లో దాని ఫలితములను ప్రకటించిరి. తరువాత పలు ఆసుపత్రులలో పరీక్షించిరి. లడఖ్‌లోని లేహ్‌కు, అనగా సముద్రమట్టమునకు 3,505 మీటర్ల ఎత్తుకు తీసికొనిపోయి, ప్రాణవాయువు పలుచనైన అచటి గాలిలో గూడ అది నడుచునని చూపి 2012లో వ్రాసిరి. ఆ యెత్తున యంత్రమును పరీక్షించుటలో ఒక వివేకమున్నది: నిపుణులు దొరకని చోటికే నిపుణయంత్రము పోవలెను గదా! ఇంత చేసినను ఈ స్వదేశయంత్రము చూచు సంఖ్య మాత్రము విదేశీయమైన బిస్ సంఖ్యయే. నుదుటి పట్టీ ఒక్క రోగికి వాడి పారవేయవలసినది. దాని అమ్మకము ఆ కంపెనీదే. రథము మనది, సారథికి కన్నులు మాత్రము అద్దెవి. మెదడు తరంగములను చదువు లెక్కను బహిరంగముగా వ్రాసి, మన రోగులపై పరీక్షించి, ఎవరైనను తప్పుపట్టవీలుగా ప్రకటించుట మన సాంకేతిక విద్యాసంస్థలకు అలవికాని పని కాదు.

అమెరికాలో జరిగినదొకటి చెప్పవలసియున్నది. సెడసిస్ అను యంత్రము పూర్తి మత్తునకు గాక, ప్రేగులను గొట్టముతో పరీక్షించునపుడు ఇచ్చు స్వల్పమగు మగతకు మాత్రమే ఉద్దేశింపబడినది. చేతిలోని పరికరము కంపించినపుడు రోగి నొక్కి బదులిచ్చుచుండవలెను. బదులు రాకున్నచో యంత్రము మందు పెంచదు. అక్కడి మత్తువైద్యుల సంఘము దానిని గట్టిగా ప్రతిఘటించెను. 2010లో నిరాకరింపబడి, 2013లో అనేక నిబంధనలతో అనుమతి పొంది, కొనువారు చాలక 2016లో బజారునుండి ఉపసంహరింపబడెను. రోగిక్షేమము, వృత్తివారి ఆదాయము రెండును ఆ ప్రతిఘటనలో కలిసియుండెనని అనుటకు మేము సంకోచింపము. మన వైద్యసంఘములు రేపు ఇట్టివాదము చేసినపుడు ఏది క్షేమము, ఏది ఆదాయము అని విడదీసి చూచుట ప్రజల పని.

ఇక మన స్థితి. లక్షమందికి కనీసము 5గురు మత్తువైద్యులుండవలెనని అంతర్జాతీయ సంఘముల సలహా. మనము దానికి చాలదూరమున నున్నాము. ఉన్నవారును నగరములలోని ప్రైవేటు ఆసుపత్రులలో చేరుచున్నారు. అర్ధరాత్రి ప్రసవమునకు వచ్చిన స్త్రీకి జిల్లాకేంద్రమునకు కాగితము వ్రాసిచ్చు తాలూకా ఆసుపత్రులు నేటికిని గలవు. ఈ కొరత తీర్చుటకై సాధారణ వైద్యులకు 18 వారములు మత్తువైద్యమున శిక్షణమిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము పెట్టియున్నది. ఇట్టి స్థితిలో యంత్రమే వైద్యుని స్థానమునకు వచ్చుననుట ఆకర్షణీయమైన మాట. కాని కత్తికాన్పులలో అధికభాగమునకు ఇప్పుడు వాడుక వెన్నులోనిచ్చు సూదిమందు. రోగి మేలుకొనియే యుండును. నుదుటి సంఖ్యతో నచట పనియే లేదు. వెన్నుసూది పొడుచుట, పొడిచినవెంటనే రక్తపుపోటు పడినచో ఎత్తుట, రక్తస్రావమైనపుడు రక్తమెక్కించుట, ఊపిరి యాగినపుడు గొంతులో గొట్టము దింపుట, ఇవియే అచ్చట తల్లిని బ్రతికించు పనులు. వీనిలో ఒక్కటియు ఈ పంపు చేయదు. మందును నిలుకడగా నడుపుట మత్తువైద్యుని పనిలో సులభమగు భాగము. యంత్రము తీసికొనుచున్నది దానినే.

దీర్ఘమైన శస్త్రచికిత్సలు జరుగు పెద్ద ఆసుపత్రులలో మాత్రము దీనికి స్థానమున్నది. ఆరేడుగంటలు సాగు చికిత్సలో పంపుమీది శ్రద్ధను యంత్రమునకు విడిచి వైద్యుడు రక్తమును, గుండెను, శస్త్రవైద్యుని చేతిని కనిపెట్టవచ్చును. ఒక్క భయమున్నది. పది సంవత్సరములు పంపును యంత్రమునకే విడిచిన వైద్యుడు, నుదుటి పట్టీ ఊడి సంఖ్య మాయమైన ఆ రెండు నిమిషములలో చేతితో నడుపగలడా? చదువుకొను విద్యార్థులు మొదట చేతితో నేర్చి, పిమ్మటనే యంత్రమును ముట్టవలెనని మా యభిప్రాయము.

2020 ఏప్రిలునుండి వైద్యపరికరములన్నియు మనదేశమున ఔషధశాసనము క్రిందికి వచ్చినవి. కావున అధికారము లేదని ప్రభుత్వము తప్పించుకొనజాలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ఇట్టి యంత్రములకు టెండర్లు పిలుచు దినమున అడుగవలసినవి కొన్నియే. ఏ కంపెనీ సిరంజీనైనను, ఏ కంపెనీ పట్టీనైనను అది స్వీకరించునా? సంఖ్య నమ్మదగనిదైనపుడు తనంత తాను పగ్గములు వదలి గట్టిగా కూయునా? కరెంటు పోయినపుడు ఎంతసేపు నిలుచును? ప్రతి క్షణమున అది యిచ్చిన మోతాదు, అందుకు కారణమైన సంఖ్య, వైద్యుడు కలుగజేసికొన్న సమయము రోగి కాగితములలో చేరునా, లేక కంపెనీవారి పెట్టెలోనే యుండునా? చివరి ప్రశ్నకు వ్రాతమూలకముగా జవాబు రానిదే బిల్లు చెల్లింపరాదు. యంత్రమును కొన్న ఆసుపత్రిలో మత్తువైద్యుని ఉద్యోగమును ఖాళీగా నుంచరాదను నియమమును గూడ ఆ టెండరు కాగితముననే చేర్చవలయును. తరువాత చేర్తుమన్నచో చేరదు.